భారీకాయంలోని మనిషి: గాడ్జిల్లా తొడుగు, నిమ్మలకుంట రావణుడు – ఆహార్య నిర్ణయాల తులనాత్మక పరిశీలన

పరిశోధన సంగ్రహం

జపాన్ భారీమృగ చలనచిత్రాలలో మృగదేహాన్ని మనిషి ధరించే రబ్బరు తొడుగుగా నిర్మించారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో రాక్షసదేహాన్ని మేకతోలుతో, వెదురుపుల్లలతో నిర్మించారు. ఈ రెండింటిలోనూ ప్రేక్షకుడు చూసే భారీతనం తెరవెనుక తీసుకున్న కొన్ని నిర్ణయాల ఫలితం. బరువు ఎంత ఉండాలి, కీలు ఎక్కడ పెట్టాలి, ఏ అవయవాన్ని కదలకుండా వదిలేయాలి అన్నవే ఆ నిర్ణయాలు. నాట్యశాస్త్రం ఆహార్యాభినయంలో చెప్పిన పుస్తవిభాగాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ నిర్ణయాలను పోల్చి చూస్తుంది. లోపలి మనిషి కనిపించడం దోషమన్న విమర్శను పునఃపరిశీలించి, తోలుబొమ్మను చేతిపని వస్తువుగా మాత్రమే లెక్కించడం వల్ల కలిగే నష్టాన్ని చర్చిస్తుంది.

ముఖ్యపదాలు: ఆహార్యం, పుస్తం, తొడుగు, కీలు, గాడ్జిల్లా, నిమ్మలకుంట, తోలుబొమ్మలాట, రావణుడు.

1. ప్రవేశిక

పాత జపాన్ చిత్రాలలోని భారీమృగాలను చూసిన నేటి ప్రేక్షకుడు తరచుగా ఒక మాట అంటాడు: “లోపల మనిషి ఉన్నట్టు తెలిసిపోతోంది.” ఈ మాటను తప్పు పట్టడం కోసమే వాడతారు. తోలుబొమ్మలాట విషయంలో ఇదే ప్రేక్షకుడు వేరే మాట అంటాడు: “ఎంత అందమైన పనితనం!” ఇది మెచ్చుకోలు. మొదటి మాటలో ఆటగాడు దోషంగా కనిపిస్తున్నాడు. రెండో మాటలో అసలు కనిపించడమే లేదు. రెండు మాటల్లోనూ విమర్శకు అందకుండా పోతున్నది ఒక్కటే: భారీదేహాన్ని మోసి, ఆడించి, దానికి ప్రాణం పోసిన మనిషి పని.

నల్లచెరువు, కదిరి, ధర్మవరం ప్రాంతాల పల్లెలకు తోలుబొమ్మలాట కొత్త కాదు. తెల్లని తెరపై తెల్లవారుదాకా సాగిన రామరావణ యుద్ధాలు ఈ సీమ ప్రేక్షకుల జ్ఞాపకంలో భాగం. ఆ తెర వెనుక జరిగే పనిని, టోక్యోలోని తోహో సంస్థ చిత్రశాలలో 1954లో జరిగిన పనిని పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదాని ప్రత్యేకత మరొకదాని వల్ల స్పష్టమవుతుంది. ఈ రెండు కళల మధ్య ఆదానప్రదానాలు జరిగాయన్నది ఇక్కడి ప్రతిపాదన కాదు. ఒకే సమస్యకు రెండు చోట్ల దొరికిన పరిష్కారాలను పోల్చడమే ఉద్దేశం.

2. ఆహార్యం – పుస్తం: శాస్త్రనేపథ్యం

భరతుడు చతుర్విధాభినయాలలో ఆహార్యానికి ప్రత్యేక స్థానమిచ్చి, నేపథ్యరచనను పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని నాలుగు విధాలుగా విభజించాడు. రంగస్థలంపై పర్వతం, విమానం, ఏనుగు వంటి వాటిని కృత్రిమంగా నిర్మించి చూపడం పుస్తం. అది మళ్లీ మూడు విధాలు. చాప, గుడ్డ, తోలు మొదలైన వాటిని కలిపి చేసేది సంధిమం. యంత్రసహాయంతో చేసేది వ్యాజిమం. చుట్టడం ద్వారా చేసేది వేష్టిమం. దీనికి చేష్టిమమనే పాఠాంతరం కూడా ఉంది.

ఈ సందర్భంలో భరతుడు చేసిన ఒక ఆచరణాత్మకమైన హెచ్చరిక మన చర్చకు కీలకం. నటులకు బరువైన ఆభరణాలు తగవనీ, వాటివల్ల అలసట, చెమట, మూర్ఛ కలుగుతాయనీ, అందువల్ల లక్కవంటి తేలికపాటి పదార్థాలతో వాటిని చేసుకోవాలనీ ఆయన సూచించాడు. ఆహార్యాన్ని చూసే కన్నుతో పాటు మోసే దేహాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న సూత్రమిది. ప్రస్తుత వ్యాసంలోని రెండు ఉదాహరణలలో తోలుబొమ్మ ఈ సూత్రాన్ని పాటించింది. గాడ్జిల్లా తొడుగు దీనిని ఉల్లంఘించింది. ఆ ఉల్లంఘనకు చెల్లించిన మూల్యం ఎంత, దక్కిన ఫలితం ఏమిటి అన్నది తరువాతి ప్రశ్న.

3. తొడుగు నిర్ణయం: అవసరం నుంచి పద్ధతికి

ఇషిరో హోండా దర్శకత్వంలో రూపొందిన ‘గాడ్జిల్లా’ 1954 నవంబరు 3న జపాన్‌లో విడుదలైంది. అదే సంవత్సరం మార్చి 1న అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్షలో ఒక జపాన్ చేపల పడవ అణుధూళికి గురైంది. ఆ ఆందోళన వాతావరణంలోనే ఈ చిత్రం పుట్టింది. ప్రత్యేక చిత్రీకరణల బాధ్యత వహించిన ఎయిజి త్సుబురాయాకు 1933 నాటి ‘కింగ్ కాంగ్’ ఆదర్శం. అందులోని మృగాన్ని చిన్న బొమ్మగా చేసి, ఒక్కొక్క ఫ్రేముకు కొద్దికొద్దిగా కదిలిస్తూ చిత్రీకరించారు. త్సుబురాయాకు మొదట ఇష్టమైన పద్ధతి అదే. కాని దానికి సంవత్సరాలు పడుతుంది. చేతిలో ఉన్నది నెలల వ్యవధి. కాబట్టి మనిషికి తొడుగు వేయాలని నిశ్చయించారు.

అంటే తరువాత ఒక చిత్రజాతికే గుర్తుగా నిలిచిన పద్ధతి మొదట్లో రెండో ఎంపిక మాత్రమే. అయితే ఆ ఎంపిక జరిగిన తరువాత మిగిలిన ప్రతి నిర్ణయం దాని నుంచే పుట్టింది. కథలో గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. తొడుగు ఎత్తు సుమారు 2 మీటర్లు. అందువల్ల నగరాన్ని 25వ వంతు పరిమాణంలో నిర్మించారు. మనిషి ఎత్తే టోక్యో నమూనా నగరానికి కొలబద్ద అయింది.

శిల్పి తెయిజో తోషిమిత్సు రూపొందించిన నమూనాల ఆధారంగా తొడుగు తయారైంది. లోపల వెదురు, తీగల చట్రం, దానిపై మెత్తని పొరలు, పైన రబ్బరు పూత. మృగం చర్మాన్ని పొలుసులతో కాకుండా కాలి మానిన గాయపు మచ్చలను తలపించే గరుకుతనంతో తీర్చారు. హిరోషిమా, నాగసాకి బాధితుల దేహాలను చూసిన ప్రేక్షకులకు ఆ చర్మం దేనిని గుర్తు చేస్తుందో చెప్పనక్కరలేదు. ఇక్కడ అంగరచన అలంకారప్రాయం కాదు. చిత్రం చెప్పదలచిన విషయం మృగం చర్మంపైనే ఉంది.

4. బరువు నుంచి నడకకు

మొదట తయారైన తొడుగు బరువు సుమారు 100 కిలోలు. దానిని ధరించిన హారువో నకజిమా, కత్సుమి తెజుకా కొద్ది మీటర్లకు మించి నడవలేకపోయారు. ఆ తొడుగును పారవేయలేదు. నడుము దగ్గర రెండుగా కోసి, పాదాలు మాత్రమే కనిపించే దృశ్యాల వంటి వాటికి వాడుకున్నారు. పూర్తి దేహం కోసం కొంత మెరుగైన మరొక తొడుగు చేశారు. అదీ తేలిక కాదు.

నకజిమా ఈ పాత్ర కోసం జంతుప్రదర్శనశాలకు వెళ్లి ఏనుగులు, ఎలుగుబంట్ల నడకను గమనించాడు. అయితే ఆ పరిశీలన తొడుగు అనుమతించినంత మేరకే తెరపైకి వచ్చింది. పాదం ఎత్తడానికి ముందు తోక బరువును లాగాలి. తిరగాలంటే మొండెం మొత్తం తిరగాలి. గాడ్జిల్లా నడకలో మనం గాంభీర్యమని పిలిచే లక్షణం నటుడి పరిశీలనకూ, రబ్బరు ప్రతిఘటనకూ మధ్య కుదిరిన రాజీ.

కెమెరా ఈ రాజీకి తోడ్పడింది. తక్కువ ఎత్తు నుంచి పడే వస్తువు ఎక్కువ ఎత్తు నుంచి పడే దానికంటె తొందరగా నేలకు చేరుతుంది. 25వ వంతు నమూనాలో గోడ కూలడానికి పట్టే కాలం అసలు గోడ కూలే కాలంలో అయిదోవంతు. కాబట్టి ఎక్కువ వేగంతో చిత్రీకరించి మామూలు వేగంతో ప్రదర్శిస్తే, నమూనా భవనం నిజమైన భవనంలా మెల్లగా కూలినట్టు కనిపిస్తుంది. కాని కెమెరా వేగం పెరిగితే వెలుతురు ఎక్కువ కావాలి. వెలుతురు పెరిగితే వేడి పెరుగుతుంది. ఆ వేడిని భరించేది తొడుగులోని మనిషి. తెరపై మృగానికి దక్కిన భారీతనంలో కొంత భాగం నేరుగా నకజిమా చెమట నుంచి వచ్చింది. భరతుడు హెచ్చరించిన అలసట, చెమట, మూర్ఛ మూడూ ఈ చిత్రశాలలో అక్షరాలా జరిగాయి. అయినా నకజిమా 1972 వరకు 12 చిత్రాలలో ఈ పాత్ర ధరించాడు.

5. కాళ్లు, తలలు: దేహనిర్మాణంలోని చిక్కులు

నిటారుగా నిలబడే మృగానికి మనిషి దేహం సరిపోతుంది. నాలుగు కాళ్ల మృగానికి సరిపోదు. 1955లో వచ్చిన రెండో చిత్రంలో గాడ్జిల్లాకు ప్రత్యర్థిగా అంగిరస్ అనే నాలుగుకాళ్ల మృగాన్ని సృష్టించారు. మనిషి కాళ్లు చేతులకంటె పొడవు కావడంతో లోపలి నటుడు మోకాళ్లపై పాకవలసి వచ్చింది. అలా పాకితే వెనుకకాళ్ల అరికాళ్లు పైకి తేలి కనిపిస్తాయి. వాటిని భవనాల మాటున, కెమెరా కోణాల మాటున దాచవలసి వచ్చింది. 1961 నాటి ‘మోత్రా’లో గొంగళిపురుగు దేహానికి వేరే మార్గం ఎంచుకున్నారు. ఒక పొడవైన తొడుగులో పలువురు వరుసగా దూరి నడిచారు. ఒక మృగానికి ఒక మనిషి అన్న నియమాన్ని ఇక్కడ వదులుకున్నారు.

1964లో వచ్చిన మూడుతలల కింగ్ గిదోరా మరింత జటిలమైన నిర్మాణం. మొండెంలో షోయిచి హిరోసె ఉన్నాడు. తలలను, తోకలను, రెక్కలను పైనుంచి తీగలతో సిబ్బంది కదిలించారు. ఈ మృగానికి చేతులు లేవు. శాస్త్రపరిభాషలో చెప్పాలంటే మొండెం సంధిమం, తలలు వ్యాజిమం. ఒకే దేహంలో నటుడు కొంత, తీగలు లాగేవారు కొంత. ఎవరి కదలిక ఎక్కడ ముగుస్తుందో, మరొకరిది ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించడమే ఇక్కడి రూపకల్పన.

6. నిమ్మలకుంట రావణుడు: కీళ్ల నిర్ణయం

పదితలల దేహాన్ని ఆడించవలసిన అవసరం జపాన్‌కంటె చాలాముందే మన ఆటగాళ్లకు ఎదురైంది. నిమ్మలకుంటలోని తోలుబొమ్మల కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాండలికం మాట్లాడుతూ తెరపై తెలుగులో రామాయణ, భారత కథలు ఆడుతూ వచ్చాయి. మేకతోలును శుభ్రపరచి, వెంట్రుకలు తీసి, బిగించి ఆరబెట్టి, వెలుతురు చొరబడేంత పలుచగా చేస్తారు. రూపం గీసి, నగల చోట సన్నని రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులు వేస్తారు.

సాధారణ పాత్రకు ఒక తోలు సరిపోవచ్చు. రావణుడికి నాలుగైనా కావాలి: మొండేనికి ఒకటి, కాళ్లకు ఒకటి, ఒక్కొక్క పక్కన ఉండే అయిదేసి చేతుల గుంపుకు ఒక్కొక్కటి. ఈ లెక్కలో ఒక స్పష్టమైన నిర్ణయం ఉంది. ఒకే తోలుపై చెక్కిన అయిదు చేతులు కలిసే కదులుతాయి. విడివిడిగా కదలవు. తలలు ఒకే తలంపై పక్కపక్కన పరచి ఉంటాయి. వాటికి వేరే కదలిక లేదు. గిదోరా తలలకు తీగలు లాగడానికి ఒక బృందం ఉంది. బొమ్మను ఆడించే మనిషికి ఉన్నవి రెండు చేతులే. ఒక చేయి బొమ్మ నడుమ నిలువుగా కట్టిన వెదురుబద్దను పట్టుకోవాలి. మరొకటి చేతులకు కట్టిన పుల్లలను ఆడించాలి. పది తలలకూ కీళ్లు పెట్టితే ఆడించడానికి చేయి మిగలదు. కాబట్టి రావణుడి వైభవాన్ని తలల విస్తీర్ణానికి, ఆగ్రహాన్ని చేతుల ఊపుకు పంచారు. కదలని భాగం ఎంత జాగ్రత్తగా ఎంచుకుంటే కదిలే భాగం అంత బలంగా కనిపిస్తుంది.

పరిమాణంలోనూ ఇటువంటి వివేకమే ఉంది. బొమ్మను తెర నుంచి దీపం వైపు జరిపితే నీడ పెద్దదవుతుంది. కాని అంచులు మసకబారి, రంగులు చెదిరి, నగల రంధ్రాలు కలిసిపోతాయి. తెరకు ఆనించి పట్టినప్పుడే రూపం స్పష్టం. దీపం ఇచ్చే సులభమైన భారీతనాన్ని కాదని, మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే బొమ్మనే తోలుతో చేయడానికి కారణం ఇదే. స్పష్టత పోకుండా పెద్దదనం కావాలంటే బొమ్మే పెద్దది కావాలి.

7. బరువు లేని దేహానికి బరువు ఎక్కడిది?

తోలుబొమ్మకు బరువు లేదు. నీడకు అసలే లేదు. అయినా తెరపై రాక్షసుడు అడుగు వేస్తే ప్రేక్షకుడికి నేల అదిరినట్టు తోస్తుంది. ఆ అదురు ఆటగాడి పాదాల కింది చెక్కలది. యుద్ధఘట్టాలలో ఆటగాళ్లు చెక్కలను తొక్కుతూ, మద్దెల, తాళాలకు తోడుగా కేకలు వేస్తారు. దేహంలో లేని బరువును నేలకు, గొంతుకు బదిలీ చేశారు. భరతుడి సూత్రం ఇక్కడ చెక్కుచెదరలేదు. చేతిలోని ఆహార్యం తేలికగానే ఉంది. శ్రమ మాత్రం ఆటగాడి కాళ్లకు చేరింది.

ధ్వని విషయంలో రెండు కళలూ దగ్గరగా వస్తాయి. గాడ్జిల్లా గర్జనను ఏ జంతువు గొంతు నుంచీ తీసుకోలేదు. సంగీతకారుడు అకిరా ఇఫుకుబే నేతృత్వంలో, పెద్ద తంత్రీవాద్యమైన డబుల్ బాస్ తీగలను రెజిన్ పూసిన తోలు చేతిజోడుతో రాపిడి చేసి, ఆ ధ్వని వేగాన్ని మార్చి గర్జనను రూపొందించారు. రబ్బరు దేహానికి గొంతు తోలు నుంచి వచ్చింది. తోలు దేహానికి అడుగు చెక్క నుంచి వచ్చింది. కంటికి కనిపించే దేహం ఒక చోట, చెవికి వినిపించే దేహం మరొక చోట తయారై, ప్రేక్షకుడి అనుభవంలో మాత్రమే ఒకటవుతాయి.

8. లోపలి మనిషి కనిపించడం దోషమా?

తొడుగుపై ఉన్న ప్రధాన విమర్శను ఇప్పుడు పరిశీలించవచ్చు. లోపల మనిషి ఉన్నాడని తెలియడం రసభంగమైతే మన సంప్రదాయ ప్రదర్శనలలో చాలావాటికి స్థానం ఉండదు. కీలుగుర్రం ఆటలో నర్తకుడి నడుము పైభాగం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. గుర్రం కాళ్లు ఎవరివో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పశ్చిమగోదావరి జిల్లా తణుకు ప్రాంతపు బుట్టబొమ్మలలో మనిషికంటె ఎత్తయిన బోలు దేహంలోకి నర్తకుడు దూరి ఊరేగింపులో ఆడతాడు. లోపలి మనిషిని ఎవరూ దోషంగా ఎంచరు. అతడి అడుగునే చూస్తారు.

నరసింహపాత్ర మరింత బలమైన ఉదాహరణ. నల్లచెరువుకు సమీపంలోని కదిరి ప్రసిద్ధ నరసింహక్షేత్రం. సగం మనిషి, సగం మృగం అయిన రూపం ఈ ప్రాంత భక్తికి కేంద్రం. తమిళనాడులోని మేలట్టూరులో తెలుగుభాషలోనే ఆడే భాగవతమేళ ప్రహ్లాద నాటకంలో నరసింహుడి ముఖతొడుగుకు పూజలు చేస్తారు. దానిని ధరించే వ్యక్తి ఉపవాసం ఉంటాడు. ఆవేశంలో అదుపు తప్పకుండా తోటివారు పట్టుకుంటారు. తొడుగు వెనుక ఉన్నది ఊరిలోని ఫలానా మనిషేనని అక్కడివారందరికీ తెలుసు. ఆ తెలివిడి భయాన్ని తగ్గించదు. తెలిసిన మనిషే అలా మారిపోయాడన్న విస్మయాన్ని కలిపి దానిని పెంచుతుంది.

అయితే ఒక తేడాను ఒప్పుకోవాలి. రంగస్థల ప్రేక్షకుడు మొదటినుంచీ ఒక ఒడంబడికలో ఉంటాడు. చలనచిత్రం ఫోటో కాబట్టి నిజంలా కనిపిస్తానని వాగ్దానం చేస్తుంది. అంగిరస్ అరికాళ్లు కనిపించినప్పుడు ఆ వాగ్దానం తప్పిన మాట వాస్తవం. దానిని సమర్థించనక్కరలేదు. కాని అది అంగిరస్ దేహనిర్మాణంలో జరిగిన పొరపాటు. మనిషి ఉండటమే పొరపాటని దానివల్ల రుజువు కాదు. మనిషిని దాచామా లేదా అన్నదానికంటె, మనిషి శ్రమ మృగం స్వభావంగా మారిందా లేదా అన్నది సరైన కొలమానం. ఆ కొలమానంతో చూస్తే 1954 నాటి నడక నేటికీ నిలుస్తుంది.

9. తొడుగు పోయాక – ఆట తగ్గాక

ఈ రెండు కళల వర్తమానం ఒక విపర్యాసాన్ని చూపుతుంది. 2016లో వచ్చిన ‘షిన్ గాడ్జిల్లా’లో మృగాన్ని కంప్యూటర్ ద్వారా సృష్టించారు. రబ్బరు తొడుగు అవసరం తీరిపోయింది. అయినా దాని కదలికల కోసం క్యోగెన్ అనే సంప్రదాయ హాస్యనాటక కళాకారుడు మన్సాయ్ నొమురా దేహచలనాన్ని నమోదు చేసుకొని వాడారు. తొడుగు పోయింది. ఆటగాడు మిగిలాడు. మృగం నడకకు శిక్షణ పొందిన మనిషి దేహం కావాలన్న తెలివిడి సాంకేతికత మారినా మారలేదు.

నిమ్మలకుంటలో జరుగుతున్నది దీనికి తలకిందులు. తోలు మిగిలింది. ఆటగాడు పక్కకు జరుగుతున్నాడు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు హస్తకళల వర్గంలో లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారిని 2020లో పద్మశ్రీ వరించింది. ఇవి సంతోషించవలసిన విషయాలే. అయితే నేడు ఆ ఇళ్లలో తయారయ్యే వాటిలో ఎక్కువ భాగం ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు. రాత్రంతా ఆడించే పల్లెలు తగ్గాక కుటుంబాలను నిలబెట్టినవి అవే. వాటిని చేసినవారిని తప్పుపట్టే హక్కు ఆట చూడడం మానేసిన మనకు లేదు.

విమర్శ గమనించవలసినది మరొకటి. ల్యాంప్ షేడులోనూ తోలు ఉంది, రంగు ఉంది, రంధ్రాల నగిషీ ఉంది, లోపల దీపం కూడా ఉంది. లేనిది కీలు. గోడబొమ్మ రావణుడికి చేతుల గుంపును ఎక్కడ అతకాలో, మొండెంపై వెదురుబద్ద ఎక్కడ కట్టితే బరువు సమంగా నిలుస్తుందో తెలియనక్కరలేదు. కీలు అవసరం తీరిపోతే ఆ జ్ఞానం ఒక తరంలో మరుగున పడుతుంది. తరువాతి తరానికి రావణుడి రూపం గీయడం వస్తుంది, రావణుడిని నడిపించడం రాదు. హస్తకళగా ఇచ్చిన గౌరవం నాటకకళగా జరిగే నష్టాన్ని కప్పిపుచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది.

10. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, భారీదేహం కంటికి కనిపించే ఆకారం మాత్రమే కాదు. బరువు, కీలు, కదలనీయని భాగం అన్న మూడింటి పంపకం అది. గాడ్జిల్లా తొడుగు బరువును నటుడిపై మోపి నడకను సంపాదించింది. నిమ్మలకుంట రావణుడు బరువును నేలకు దించి చేతికి స్వేచ్ఛనిచ్చాడు.

రెండవది, లోపలి మనిషి తెలియడం దానంతట అది దోషం కాదు. అతడి శ్రమ పాత్రస్వభావంగా మారనప్పుడే అది దోషం.

మూడవది, ఆహార్యాన్ని ధరించే, ఆడించే దేహం నుంచి వేరుచేసి భద్రపరిస్తే మిగిలేది అలంకారమే. జపాన్‌లో నకజిమా తన అనుభవాలను పుస్తకరూపంలో చెప్పుకున్నాడు కాబట్టి తొడుగు లోపల ఏం జరిగిందో విమర్శకు అందుతోంది. తోలుబొమ్మలాటపై జరిగే పరిశోధన కూడా కథలు, పాటలు, రంగులతో పాటు ప్రతి బొమ్మకూ కీళ్ల స్థానాలను, పుల్లలు కట్టే చోట్లను, ఏ చేయి దేనిని పట్టుకుంటుందో, ఏ ఘట్టంలో చెక్క ఎన్నిసార్లు పడుతుందో ఆటగాళ్ల మాటల్లోనే నమోదు చేయాలి. ఆడించి చూపగల పెద్దలు ఉన్న కాలంలోనే ఈ పని జరగాలి. గోడకు తగిలించిన రావణుడు ఎన్నేళ్లయినా నిలుస్తాడు. అయితే అతడు చేయి ఎలా ఎత్తేవాడో గోడ చెప్పలేదు.